ఫార్మాట్ కొట్టని జహేదా

మేడ్చల్ బస్ డిపో దాటి రైల్వే స్టేషన్ వైపు తిరిగే దారిలో, టైర్ల దుకాణానికీ హోమియో డాక్టరు గదికీ మధ్య ఇరుక్కున్నట్టు జహేదా కంప్యూటర్ షాపు ఉండేది. అక్కడ రిపేర్లతో పాటు పెళ్లికార్డులు కూడా టైపు చేసేవాళ్లు. నేను తెలుగు ఎం.ఏ. ముగించి, ఉద్యోగం దొరక్క, నలుగురిలో నోరు విప్పడానికి భయపడి ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న రోజులవి. ఒక పొద్దున మా బాపు నన్ను అక్కడికి తీసుకెళ్లి, "మా బిడ్డకు తెలుగు మంచిగొస్తది. పెండ్లికార్డుల తప్పులు దిద్దుతది," అని చెప్పి తన దారిన తాను వెళ్లిపోయాడు.

జహేదా నన్ను ఎగాదిగా చూసింది. ముప్పై దాటిన మనిషి. బురఖా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. జడలో పువ్వు ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవరు దోపుకుని ఉంది.

"మాట్లాడవా నువ్వు?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"మంచిదే. ఈడ మాట్లాడేటోళ్లకు కొదవ లేదు. గా మూలకు కూసో."

ఆ మూలలో రెండేళ్లకు పైగా కూర్చున్నాను. జహేదా పని చేసే తీరు చూశాను. ఆమె గురించి రాయాలని అప్పటినుంచీ ఉంది.

ఆ కాలంలో మా వైపు కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా ఒకటే మందు. నెమ్మదిగా నడుస్తోందా, ఫార్మాట్ కొట్టు. వైరస్ వచ్చిందా, ఫార్మాట్ కొట్టు. పాట మధ్యలో ఆగిపోతోందా, అదీ ఫార్మాటే. ఫార్మాట్ అంటే కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి విండోస్‌ను మళ్లీ మొదట్నుంచి ఎక్కించడం. రిపేరు చేసేవాళ్లకు అది సుఖం. సీడీ పెట్టి, ఛాయ్ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది. జనానికీ అదే అలవాటైంది. సీపీయూ చంకన పెట్టుకుని వచ్చి, గడప బయటినుంచే "ఫార్మాట్ కొట్టు" అనేవాళ్లు.

జహేదా కొట్టేది కాదు. ముందు ఒక స్టూలు లాగి కూర్చోబెట్టేది.

ఫొటో స్టూడియో యాదగిరి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది.

"దీంట్ల ఏమేమున్నయో చెప్పు యాదన్నా," అంది జహేదా.

"ఏం లేవు. కొట్టేయి జల్దీ."

"ఏం లేకపోతె రోజంత దాని ముంగట కూసొని ఏం జేస్తున్నవ్ మరి? మొఖం సూస్కుంటున్నవా?"

"పాటలున్నయి. పోతె పోనీ."

"ఇంకా?"

"ఫొటోలు."

"ఎవలయి?"

"అందరియి ఇచ్చేసిన. ఒక్క అత్వెల్లి పెండ్లి..." అంటూనే యాదగిరి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "అమ్మో! ఆల్బం ఇంక గాలే! వాళ్లు నన్ను నరుకుతరు!"

"కూసో. ఇంక యాదికి జేస్కో," అంది జహేదా. స్క్రూడ్రైవరు అప్పటికీ జడలోనే ఉంది.

ఈ పద్ధతి ఆమెకు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పలేదు. ఆమె తండ్రి షుకూర్ శామీర్‌పేట చుట్టుపక్కల జామతోటలు కౌలుకు పట్టేవాడు. కాపు తెంపి అమ్ముకోవడం ఆయన వంతు. అయితే తోట ఎవరిదైనా, ఒకటో రెండో చెట్లు ఆ ఇంటివాళ్లు తమ కోసం ఉంచుకుంటారు. పిల్లలు తినడానికో, చుట్టాలు వస్తే సంచిలో వేసి పంపడానికో. వాటిని కౌలుదారు ముట్టకూడదు. షుకూర్ బేరం కుదిరాక కూడా బుట్ట దించేవాడు కాదట. తోట యజమానిని వెంట పెట్టుకుని సాలు సాలూ తిరిగి, "గిది మీదా, గిది నాదా?" అని చెట్టు చెట్టుకూ అడిగేవాడట. ఆయన వెనకే పావడా ఎగ్గట్టి తిరిగిన పిల్ల జహేదా. "మా అబ్బాకు తోటోళ్లే 'అయ్యో షుకూర్ భాయ్, ఏదన్న తెంపుకో' అనేటోళ్లు. ఆయన వినకపోతుండె. యాది లేనోడే అట్లంటడు, తెల్లారి వాడే లొల్లి జేస్తడు, అనేటోడు," అని ఒకసారి నాతో చెప్పింది.

పదో తరగతి అయ్యాక ఆమె అల్వాల్‌లో కంప్యూటర్ నేర్చుకోవడానికి పోయింది. టైపింగ్ నేర్చుకునేవాళ్లంతా అమ్మాయిలు, డబ్బా విప్పి బాగుచేయడం నేర్చుకునేవాళ్లంతా అబ్బాయిలు. జహేదా వెళ్లి ఆ రెండో బ్యాచీలో కూర్చుంది. ఇది నీకు కుదరదు, పక్క గదిలోకి పో అన్నాడు అక్కడి సారు. ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. షుకూర్ అంతా విని, "చెట్టెక్కరాదని నీకు ఎవడన్న చెప్పిండా ఎన్నడన్న?" అని అడిగాడట. చెప్పలేదంది. "చెప్తె దిగెటిదానివా?" అన్నాడట. మర్నాడు ఆమె మళ్లీ వెళ్లి అదే బెంచీ మీద కూర్చుంది. కోర్సు అయ్యేలోపు, మిగతావాళ్లు పాడుచేసినవి బాగుచేయడానికి సారు ఆమెనే పిలవడం మొదలుపెట్టాడు.

ఇదంతా ఆమె కొంత చెబితే, షుకూర్ కొంత చెబితే నాకు తెలిసింది. కళ్లారా చూసింది మాత్రం తారాబాయి కంప్యూటర్ సంగతి.

అది రెండు వేల పదమూడు ఎండాకాలం. కరెంటు కోతలు విపరీతంగా ఉండేవి. ఏ వేళకు పోతుందో, ఏ వేళకు వస్తుందో ప్రతి దుకాణం గోడ మీదా రాసి ఉండేది. జనం వంటలూ స్నానాలూ నీళ్లు పట్టుకోవడాలూ ఆ వేళలకు సర్దుకున్నారు.

ఒక పొద్దున ఆటోలోంచి ఒక ఆవిడ, రగ్గులో చుట్టిన సీపీయూను రెండు చేతులా ఎత్తుకుని దిగింది. నలభై ఐదేళ్లుంటాయి. ముంజేతి నిండా పచ్చబొట్లు. ఆమే తారాబాయి. శామీర్‌పేట అవతలి లంబాడీ తండాలో పుట్టి, గుండ్లపోచంపల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ నడిపేది. రవికెలకు పూలు, బడిపిల్లల చొక్కాలకు బ్యాడ్జీలు కుట్టిచ్చేది. కంప్యూటర్‌లో బొమ్మ గీసి, పెన్ డ్రైవ్‌లో వేసి మిషన్‌కు పెడితే, సూదులు ఆ బొమ్మను బట్ట మీద కుడతాయి.

"బిడ్డా, ఇద్దరి దగ్గరికి పోయొచ్చిన," అంది తారాబాయి, సీపీయూను బల్ల మీద దించుతూ. "ఇద్దరిది ఒక్కటే మాట. ఫార్మాట్ కొట్టాలె, అన్ని పోతయి అంటరు. పోతె నేనేం గావాలె?"

జహేదా తీగలు తగిలించి మీట నొక్కింది. తెర మీద విండోస్ గుర్తు కనబడింది, మాయమైంది. నల్లగా అయింది. మళ్లీ గుర్తు కనబడింది, మళ్లీ మాయమైంది. లేవబోయి కూలబడే మనిషిలా అది అదే పని చేస్తూ పోయింది. జహేదా మీట కట్టేసింది. స్టూలు లాగింది.

"కూసో అక్కా. ఏమేమున్నయి దీంట్ల?"

"డిజైన్లు."

"ఇంకా?"

"ఇంకేముంటయి? గవే ఉన్నయి."

"మల్ల గీసుకోరాదా?"

తారాబాయి కొంగుతో మెడ తుడుచుకుంది. "మా యాడి పెండ్లినాటి లంగ, రవికె ఉండె. యాడి అంటె మా అమ్మ. వాటి మీద ఉన్న కుట్టు గీ రోజులల్ల ఎవ్వలకు రాదు. అవి ముంగట వెట్టుకోని, ఆమెను పక్కన కూసోవెట్టుకోని, సూది యాడ మొదలువెట్టాలె, యాడ తిప్పాలె అని అడుక్కుంట అడుక్కుంట గీసిన. ఏండ్లు వట్టింది. గా బట్టలు ఇప్పుడు లెవ్వు. కొన్ని ఎలుకలు కొట్టినయి. కొన్ని మా తమ్ముడు కార్లల్ల వచ్చినోళ్లకు అమ్ముకున్నడు. మా యాడికి సూపు పోయింది. ఇగ ఎవల్నడిగి గీయాలె?"

జహేదా మామూలు గొంతుతో, "ఎట్ల పోయింది ఇది?" అంది.

"దీప అని ఒకతి ఉండె నా దగ్గర, పనిజేస్తుండె. తెర మీద బంద్ చెయ్యొద్దు, బంద్ చెయ్యొద్దు అని రాసి ఉంటె, బటన్ వట్టుకోని ఒత్తింది. పెద్ద సదువుకున్నది మల్ల!"

"ఏదీ ఆమె?"

"తీసేసిన. నా కండ్ల వడకు అన్న."

జహేదా జడలోంచి స్క్రూడ్రైవరు తీసింది. నేను ఇక విప్పుతుందనుకున్నాను. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, "అయితె మొదలు ఆమెను విలువు," అంది.

"ఎందుకు? చెడగొట్టినామెతోని ఏం పని?"

"రోజు దీని ముంగట కూసున్నదెవలు? నువ్వా, ఆమెనా?"

"ఆమెనే. నాకు మౌస్ వడితె చెయ్యి వణుకుతది. నేను చెప్తుంటె ఆమె గీస్తది."

"మరి ఏ వస్తువు యాడ వెట్టిందో నువ్వెట్ల చెప్తవక్కా?"

"తెర మీదనే ఉంటయి. రోజు సూస్తలేనా నేను? గుడ్డిదాన్నా?"

"ఆమె రాకుంట నేన్ స్క్రూ ఇప్ప."

తారాబాయి దిగ్గున లేచింది. రగ్గు మళ్లీ సీపీయూకు చుట్టడం మొదలుపెట్టింది. "నువ్వు గాకపోతె ఇంకొకలు. అల్వాల్ పోత. సికింద్రాబాద్ పోత," అంటూనే ఉంది. రగ్గు కొస ముడి పడటం లేదు. జహేదా సాయం చేయలేదు, ఆపలేదు. చివరికి ముడి వదిలేసి తారాబాయి స్టూలు మీద కూలబడింది.

"నేన్ ఫోన్ జేస్తె ఎత్తుతలేదు అది," అంది నేల చూస్తూ.

అంటే అప్పటికే చేసిందన్నమాట. జహేదా అది పట్టుకుని ఏడిపించలేదు. నంబరు అడిగి తన ఫోన్‌తో చేసింది.

"దీపనా? నేను మేడ్చల్ కెల్లి జహేదాను, కంప్యూటర్ షాపు. భయపడకు, నేన్ తిట్ట. తిట్టేటామె ఈడనే ఉన్నది గని, ఆమెకు ఛాయ్ తెప్పిస్తున్న. నోరు ఖాళీ ఉండది. నువ్వు బస్సెక్కి రా."

దీప వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. ఆమెను చూసి ఆశ్చర్యపోయాను. ఏ చిన్నపిల్లో అనుకున్నాను. ఇద్దరు పిల్లల తల్లి. పెళ్లికి ముందు ఆగిపోయిన చదువును దూరవిద్యలో డిగ్రీ కట్టి మళ్లీ పట్టుకున్న మనిషి. గడప దగ్గరే నిలబడిపోయింది. తారాబాయి ముఖం గోడకు తిప్పుకుంది.

"రా, కూసో," అంది జహేదా. "అయ్యింది అయ్యింది. మొదట్నుంచి చెప్పు. ఏం దాయకు."

దీప చెప్పింది. డిగ్రీ ఫలితాలు వచ్చాయని ఎవరో అంటే, ఇంటి పక్కవాళ్ల నెట్టు పరికరం అడిగి తెచ్చి ఆ కంప్యూటర్‌కు పెట్టింది. దానికి అంతకుముందెప్పుడూ నెట్టు లేదు. అందరూ ఒకేసారి చూస్తున్నారేమో, ఫలితాల పేజీ తెరుచుకోలేదు. తెరుచుకుంటుందేమోనని పొద్దంతా అలాగే ఉంచింది. ఈలోగా విండోస్ తనకు కావాల్సిన కొత్త సరుకంతా దించుకుని కూర్చుంది. కరెంటు పోయే వేళ దగ్గరపడింది. కంప్యూటర్ నడుస్తుండగా కరెంటు పోతే కాలిపోతుందని, వేళకు ముందే పద్ధతిగా కట్టేయాలని తారాబాయి రోజూ చెప్పే మాట. దీప అలాగే కట్టేయబోయింది. అప్పుడు తెర మీద, అప్‌డేట్ ఎక్కుతోంది, ఆపకండి అని వచ్చింది.

"టైం రెండు గావస్తుండె అక్కా," అంది దీప. "ఇది జెప్పవట్టె ఆపొద్దని. గోడ మీద రాసి ఉండె రెండింటికి కరెంటు పోతదని. పోతె మొత్తమే కాలిపోతదని నాకు కాళ్లు చేతులు ఆడలే. ఎట్లన్న కాపాడాలెనని బటన్ వట్టి ఒత్తిన."

"కరెంటు పోయిందా మరి?"

"పోలే."

"ఎందుకు పోలే?"

"గా రోజు ఎవలో మినిస్టర్ వచ్చిండట అక్కా. కోత ఎత్తేసిన్రు."

జహేదాకు నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని నవ్వింది. నేను కూడా ముఖానికి కాగితం అడ్డం పెట్టుకున్నాను. గోడవైపు తిరిగి ఉన్న తారాబాయి భుజాలు కదిలాయి. కోపంతోనో, నవ్వుతోనో తెలియలేదు.

"తెర అబద్ధం చెప్పలే, ఈమె తప్పు జెయ్యలే," అంది జహేదా కళ్లు తుడుచుకుని. "నీ మాట వినే ఒత్తింది తారక్కా. ఇంతకు పాసైనవా దీపా?"

దీప బిక్కమొహం వేసింది. "సూడనే లేదక్కా."

అప్పుడు జహేదా స్క్రూలు విప్పింది. సీపీయూలోంచి హార్డ్ డిస్క్ బయటకు తీసింది. అరచేతిలో పట్టే ఇనుప డబ్బా. తారాబాయి యాడి కుట్లన్నీ అందులో ఉండాలి. దాన్ని తన కంప్యూటర్‌కు తగిలించింది. అంటే జబ్బుపడిన విండోస్‌ను లేపకుండా, పక్కింటి కిటికీలోంచి చూసినట్టు లోపలి సామాను చూడొచ్చు. కాసేపట్లో తారాబాయి తెర మీది వస్తువులన్నీ ఇక్కడ వరసగా కనబడ్డాయి. అవే పేర్లు. తారాబాయి ముందుకు వంగి, "అగో! ఉన్నయి! నేన్ జెప్పలే?" అని అరిచినంత పని చేసింది.

జహేదా ముఖం మాత్రం వెలగలేదు. ఒక్కో బొమ్మ కింద మూలన ఉన్న చిన్న బాణం గుర్తు మీద వేలు పెట్టింది.

"ఇవి డిజైన్లు గావు అక్కా. ఉత్త గుర్తులు. ఇంటి ముంగటి పేరు పలకల లెక్క. మనుషులు లోపట యాడనో ఉన్నరు. ఇవే అనుకోని కాపీ జేస్కోని ఫార్మాట్ కొడితె, నీ చేతిల పలకలు మిగులుతయి, ఇల్లు ఉండది."

తారాబాయి నోటి మీద చేయి పెట్టుకుంది.

"గుర్తులు నేనే వెట్టిన," అంది దీప మెల్లగా. "అక్కకు జల్దీ దొరకాలెనని. ఫైళ్లు గా సాఫ్ట్‌వేర్ పొట్టలనే ఉంటయి. పేరు యాదికి లేదు గని, తొవ్వ తెలుసు."

"సూపియ్యి," అని జహేదా తన కుర్చీ ఖాళీ చేసింది. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. దీప మౌస్ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి పోయింది. ఒకచోట తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో బారులు తీరి కనబడ్డాయి. గవ్వల పట్టీ, చీమల బారు, అద్దాల గళ్లు, యాడి కొంగు. జహేదా వాటి బరువు, అంటే ఫైలు సైజు, చూసింది. నిజం ఫైళ్లే. వెతికితే జహేదాకూ దొరికేవేమో. కానీ వెతకాలని ఆమెకు తెలిసేదెలా, తారాబాయి తెర మీదనే ఉన్నాయని ప్రమాణం చేస్తుంటే?

అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజు మినిస్టర్లెవరూ లేరు. దుకాణం ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ఫైళ్లన్నీ జహేదా కంప్యూటర్‌లోకి ఒకసారి, ఇంకో పెన్ డ్రైవ్‌లోకి ఒకసారి ఎక్కాయి.

"ఇగ కొట్టు ఫార్మాట్," అంది తారాబాయి ఊపిరి వదిలి.

"కొట్ట," అని జహేదా తల అడ్డంగా ఊపింది.

"మల్లేందే?"

"ఫైళ్లు దొరికినయి. మంచిగున్నయో లెవ్వో నీ సాఫ్ట్‌వేర్‌ల తెరిస్తెనె తెలుస్తది. గా సాఫ్ట్‌వేర్ నీ డబ్బలనే నడుస్తది, నా దాంట్ల నడువది. నువ్వు సూసి 'ఇవి నావే, సక్కగున్నయి' అనకముందె నేన్ పాతది తుడువ." అని జహేదా ఆ హార్డ్ డిస్క్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. పై అరలోంచి తాను వాడి పక్కన పెట్టిన ఇంకో డిస్క్ తీసింది. "కొత్త విండోస్ దీని మీద ఎక్కిస్త. నీదాని మీద చెయ్యి వెట్ట."

అయినా వెంటనే మొదలుపెట్టలేదు. మధ్యలో ఆపకూడని పనిని ఇన్వర్టర్‌ను నమ్మి చేయనంది. కరెంటు వచ్చేదాకా నలుగురం కూర్చున్నాం. ఆ ఖాళీలో జహేదా, దీప హాల్ టికెట్ నంబరు అడిగి ఫలితం తీసింది. పేజీ ఈసారి వెంటనే తెరుచుకుంది. అన్ని పరీక్షలూ పోయినట్టే అనుకున్న దీప కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఒక్కటి తన్నింది," అంది జహేదా. "ఎకనామిక్స్. కడమవన్ని పాస్."

అప్పుడు తారాబాయి, దీప వచ్చిన తర్వాత మొదటిసారి ఆమెవైపు తిరిగి, "పోతె పోయింది. మల్ల రాయి. నా కంప్యూటర్‌ల సూడకు గని," అంది.

దీపకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

కరెంటు రాగానే జహేదా సీడీ పెట్టింది. నీలం తెర మీద తెల్ల అక్షరాలు మొదలయ్యాయి. సీడీ పెట్టి బజారుకు పోయేవాళ్లను చూశాను నేను. జహేదా కుర్చీ కదలలేదు. సీపీయూ మీద అంటించిన కాగితంలో ఉన్న, విండోస్ అడిగే పొడవాటి అక్షరాల వరసను నన్ను చదవమంది. నేను చదివాను. ఆమె కొట్టింది. "దిద్దేదానివి గదా, ఒక్కటి తప్పు చదివినా ఇది ఊకోదు," అంది. పచ్చగీత నెమ్మదిగా నిండుతుంటే తారాబాయి దాన్నే చూస్తూ కూర్చుంది, పొయ్యి మీద పాలు చూసినట్టు.

విండోస్ ఎక్కింది. తర్వాత తారాబాయి వెంట తెచ్చుకున్న సీడీతో ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే అది మొరాయించింది. దానికి సీపీయూ వెనక పెట్టే చిన్న తాళంలాంటి ముక్క ఒకటి ఉంటుంది. అది ఉన్నా లేనట్టే అంటోంది. తారాబాయి మళ్లీ పరేషాన్ అయింది. జహేదా ఆ సీడీలోని సామానంతా ఒక్కొక్కటే తెరిచి, చదివి, పక్కకు పెట్టింది. విసుక్కోలేదు, గొణుక్కోలేదు. ఒక మూలన ఆ తాళానికి సంబంధించిన ప్రోగ్రాము దొరికింది. ముందు దాన్ని ఎక్కించి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఒప్పుకుంది. ఆమెను నేను మెచ్చుకునేది ఇలాంటి ఘడియల్లోనే ఎక్కువ. తెలిసిన పని ఎవరైనా చేస్తారు. తెలియనిది ఎదురైనప్పుడు ఆమె గొంతు ఇంకా చల్లబడేది.

మొదటి ఫైలు తెరిచింది. తెర మీద గవ్వల పట్టీ గీతలు గీతలుగా విచ్చుకుంది.

"సూడక్కా. మంచిగ సూడు. మూలలు సూడు."

తారాబాయి వేలితో తెర మీదే ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా నడిచింది. "ఇదే. యాడి లంగ అంచు. గీడ ఎలుక కొట్టింది, గా ముక్క ఆమె నోటితోని చెప్తె గీసినం." ఆమె వేలు అక్కడే ఆగింది. "ఇదే బిడ్డా."

జహేదా ఒకటి చూసి చాలనుకోలేదు. అన్నీ తెరిచింది. అన్నింటికీ తారాబాయి చేత అవుననిపించింది. చీమల బారు అవును. అద్దాల గళ్లు అవును. యాడి కొంగు తెరిచినప్పుడు తారాబాయి తెరకు దండం పెట్టింది. చివరికి వచ్చేసరికి ఆమెకు ధైర్యం వచ్చి, చూడకముందే "అవును, అవును" అనడం మొదలుపెట్టింది. జహేదా ఒప్పుకోలేదు. "సూసి అను."

అలా ఒకటి చూసి తారాబాయి ఆగింది.

"ఇది నాది గాదు."

అద్దాల చుట్టూ తీగ పాకినట్టున్న కుట్టు. యాడి గళ్ల లాంటిదే, కానీ వాటి మధ్య ఎక్కడా చూడని చిన్న చిన్న ఆకులు. దాని తర్వాతిదీ అలాంటిదే. ఆ తర్వాతిదీ. పేర్లు లేవు, ఉత్త అంకెలు. తెర మీద వీటికి గుర్తులూ లేవు. నేను దీపవైపు చూశాను. ఆమె తల పూర్తిగా వాలిపోయింది.

జహేదా కూడా చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు, "నీది గాకపోతె తీసేద్దునా అక్కా? ఊకె జాగ తింటయి," అని మౌస్ మీద వేలు పెట్టింది.

ఎవరిదో తేలకుండా ఆమె ఒక్క ఫైలు తీసేసిన రోజు లేదు. ఆ మాట నాకు తెలుసు, దీపకు తెలియదు.

"వద్దక్కా!" దీప స్టూలు తన్నుకుంటూ లేచింది. "వద్దు! అవి నాయి."

తారాబాయి ఆమెవైపు తిరిగింది.

"అన్నం తిన్నంక కొద్దిసేపు ఉంటది గద, గప్పుడు గీసిన," అంది దీప తారాబాయిని చూడకుండా. "నీ యాడియి సూసి సూసి నా చెయ్యి ఊకోలే. నీకు చెప్తె నవ్వుతవని చెప్పలే. గవి పోతయనే గదక్కా బటన్ ఒత్తేటప్పుడు నా పాణం గట్ల గొట్టుకున్నది. నీయి పోతయి, నాయి పోతయి అని."

తారాబాయి తెర దగ్గరికి స్టూలు జరుపుకుంది. ఆ ఆకుల బొమ్మను చాలాసేపు చూసింది. జహేదా మౌస్ వదిలేసి, కూర్చునే చోటు ఇచ్చి పక్కకు జరిగింది.

"గీ ఆకు కొస గింత సన్నగ తిప్పొద్దు," అంది తారాబాయి చివరికి. "మిషన్ల దారం తెగుతది. అద్దం చుట్టు ఒక్క వరుస సాలది, ఊడివడుతది. ఇంకోటి పోయాలె."

"ఎట్ల పొయ్యాలక్కా?"

"రేపు పొద్దుగాల రా. సూపిస్త."

జహేదా పాత డిస్క్‌ను కాగితపు సంచిలో పెట్టి, "దీన్ని బీరువల వెట్టు. మిషన్ మంచిగ నడిచి, అన్ని బట్ట మీద కుట్టి సూసినంక చెప్పు, గప్పుడు ఆలోచిస్తం," అని తారాబాయికి ఇచ్చింది. తర్వాత నా బల్ల మీద పడి ఉన్న పెళ్లికార్డు ఎత్తి, "ఇదేందమ్మా, పొద్దుగాల నుంచి ఒక్క కార్డు దిద్దినవ్? లగ్గం అయిపోయి పిల్లలు వుడుతరు!" అంది.

వీధిలో ఆటో వచ్చి ఆగింది. తారాబాయి సీపీయూకు రగ్గు చుట్టింది. ఈసారి ముడి పడింది. దీపను ముందు ఎక్కమంది. ఎక్కి కూర్చున్నాక, రెండు చేతులా ఎత్తి దాన్ని దీప ఒళ్లో పెట్టింది.

"గట్టిగ వట్టుకో," అంది. "గుంతలున్నయి తొవ్వల."